వెయ్యోవంతు డబ్బా

స్పెక్ట్రమ్ ఎనలైజర్‌ను తగలబెట్టింది బావమరిది. అందులో రెండో మాటకు తావు లేదు. పదకొండేళ్ళ క్రితం తన రేడియో ట్రాన్స్‌మీటర్ శక్తి కొలుచుకుంటానని వచ్చి, ఒక్క బటన్ నొక్కి, యంత్రానికి గుండెకాయలాంటి మిక్సర్‌ను మాడ్చి పారేశాడు. "నువ్వు చెప్పినట్టే మధ్యలో డబ్బా పెట్టాను బావా" అన్నాడు ఆ రోజు. చేసింది చాలక అబద్ధం కూడా. అప్పటినుంచి సోల్డర్ మాస్టారు అతనితో మాట్లాడలేదు.

ఉండేది ఒకే భవనం. మాస్టారిది రెండో అంతస్తు, బావమరిదిది సరిగ్గా ఆయన నెత్తిమీద మూడో అంతస్తు. మాట్లాడక తప్పనప్పుడు భార్యచేత చెప్పించేవాడు. ఆమె పోయి ఆరేళ్ళయింది. ఇప్పుడా ఉద్యోగం కూతురిది. "మా తమ్ముడు అబద్ధమాడడండీ" అని చివరిదాకా అంటూనే ఉండేది భార్య. ఆ ఒక్క విషయంలో తప్ప ఆమె మంచి మనిషే.

ఆ ఉదయం మాత్రం మాస్టారి కాళ్ళు నేలమీద లేవు. పాత సామాన్ల కొట్టులో అచ్చం అలాంటి మిక్సరే దొరికింది. వారంరోజులు కుస్తీపట్టి అతికించాడు. ఏడింటికి స్విచ్ వేస్తే తెర పచ్చగా వెలిగి, గాలిలో తిరిగే రేడియో తరంగాలన్నీ గీతలు గీతలుగా లేచి నిలబడ్డాయి. "వచ్చిందే! ప్రాణం వచ్చిందే!" అని అరిస్తే, వంటింట్లోంచి కూతురు గరిటెతో సహా పరుగెత్తుకొచ్చింది.

పదింటికి రేడియో క్లబ్బు అధ్యక్షుడు వస్తానన్నాడు. కొలత సరిపోతే ఈ యంత్రం క్లబ్బులో ప్రమాణపు బల్ల ఎక్కుతుంది. సభ్యులంతా తమ పరికరాలను దీనితోనే సరిచూసుకోవాలి. పదకొండేళ్ళుగా ఆయన కోరిక అదొక్కటే. దరఖాస్తు నిన్ననే నింపేశాడు. 'గతంలో చెడిపోయిందా? కారణం?' అన్న గడిలో పట్టినంత పెద్ద అక్షరాలతో 'బావమరిది' అని రాశాడు.

పదిదాకా ఆగే ఓపిక ఎవరికుంది? యంత్రం మూలపడ్డనాడు సొరుగులో పారేసిన రెండు అటెన్యుయేటర్లను బయటికి తీశాడు. సిగ్నల్ బలాన్ని తగ్గించి యంత్రాన్ని కాపాడే రేకు డబ్బాలవి. చేతులారా చేసుకున్నవి, కవల పిల్లల్లా ఉంటాయి. ఒకదానిమీద 'సగం' అనీ, రెండోదానిమీద 'వెయ్యోవంతు' అనీ ఆయన గుండ్రటి అక్షరాల చీటీలు. వెయ్యోవంతు డబ్బాను ఏరియల్‌కూ యంత్రానికీ మధ్య బిగించాడు. గాలిలో ఇక్కడిదాకా వచ్చేది రవ్వంతే కాబట్టి ఆ దూరం లెక్క ముందే కలుపుకున్నాడు. ఇక తెరమీద పైఇంటి గీత చూపించినదాన్ని వెయ్యితో గుణిస్తే అసలు బలం తెలుస్తుంది.

గుణించాడు. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ గుణించాడు.

"అమ్మాయ్! పైనున్నవాడు ఎన్ని వాట్లమీద మాట్లాడుతున్నాడో అడుగు."

కూతురు కిటికీలోంచి తల బయటపెట్టింది. "మామయ్యా! ఎన్ని వాట్లని అడుగుతున్నారు నాన్న!"

"రెండు!" పైకిటికీలోంచి జవాబు. "టార్చిలైటుకి సరిపోయేంత!"

"రెండా? ఇక్కడ వెయ్యి చూపిస్తోంది! వెయ్యి వాట్లు! వీడింట్లో దొంగ రేడియో స్టేషనుంది!" మాస్టారు బ్యాటరీతో సహా యంత్రాన్ని చంకనెత్తుకుని మెట్లమీదికి దూకాడు. ఆయన మొహంలో అంత వెలుగు కూతురు తన పెళ్ళిలో కూడా చూడలేదు.

మెట్లన్నీ దద్దరిల్లేలా "వెయ్యి వాట్లు!" అని ఆయన వేసిన కేకను, కింది అంతస్తులో జాకెట్టు కత్తిరిస్తున్న దర్జీ విన్నాడు. పైన వెయ్యి వాట్ల కరెంటు లీకవుతోందని అతనికి అర్థమైంది. పక్కింటికి ఆ మాటే చెప్పాడు. వాళ్ళు ఎదురింటికి చెప్పేసరికి అది గోడల్లోకి పాకింది. రెండు నిమిషాల్లో భవనం మొత్తం చెప్పుల్లేకుండా వీధిలో ఉంది. దర్జీ ధైర్యం చేసి, కర్రతో మెయిన్ స్విచ్ పడగొట్టాడు.

సరిగ్గా అప్పుడే లిఫ్టులో ఉన్న అధ్యక్షుడు నడిమధ్యలో ఆగిపోయాడు.

"మాస్టారూ! ఇదేమిటండీ? ఇరుక్కుపోయాను!"

"అక్కడే ఉండండి సార్! భవనంలో కరెంటు పోయింది, అయినా గీత చెక్కుచెదరలేదు! వెయ్యికి వెయ్యి!"

"ఎక్కడికి పోతానయ్యా!"

బావమరిది తలుపు తీసి, అరచేతిలో పట్టే ట్రాన్స్‌మీటర్ చూపించాడు. "అమ్మాయ్, మీ నాన్నని ఒక్కటడుగు. ఈ బుల్లి బ్యాటరీమీద వెయ్యి వాట్లు ఎలా వస్తాయట?"

"నాన్నా, ఈ బుల్లి బ్యాటరీమీద..."

"విన్నాను! మంచంకింద ఇంకేం దాచాడో అడుగు."

"మీ అమ్మమ్మ పెట్టె ఉందని చెప్పు."

"చెప్పక్కర్లేదు మామయ్యా, మూరెడు దూరంలోనే ఉన్నారు!"

మాస్టారు మంచంకింద దూరాడు. నిజంగానే పెట్టె ఉంది. బట్టల బీరువా వెతికాడు, నీళ్ళ డ్రమ్ములో చెయ్యిపెట్టి చూశాడు. స్టేషను దొరకలేదు. "ఎంత గడుసువాడో చూడు, ఆనవాలు కూడా మిగల్చలేదు" అన్నాడు, ఉత్సాహం ఏమాత్రం తగ్గకుండా.

ముప్పావుగంట తరవాత అధ్యక్షుణ్ణి లిఫ్టులోంచి భుజాలుపట్టి లాగారు. చెమటతో తడిసిన చొక్కా పిండుకుంటూనే, ఆయన జేబులోంచి చిన్న పెట్టె తీశాడు. "ఇందులోంచి వచ్చేది ఖచ్చితంగా ఒక్క మిల్లీవాట్. కొలవండి. తప్పితే దరఖాస్తు చింపేస్తాను. ఈ లిఫ్టు మళ్ళీ ఎక్కను."

మాస్టారు కొలిచాడు. తెర చూసి, వెయ్యితో గుణించి, నోరు తెరిచాడు. వేళ్ళమీద మళ్ళీ లెక్కపెట్టాడు.

"ఎంత?"

"అయిదు వందలు."

వీధిలోంచి తిరిగొచ్చినవాళ్ళంతా గుమ్మంలో మూగారు. ప్రమాణపు బల్ల పదకొండేళ్ళ దూరం వెనక్కి జరిగింది. మాస్టారు గోడకు ఆనుకున్నాడు. అధ్యక్షుడు దరఖాస్తు రెండు చేతుల్లోకీ తీసుకున్నాడు.

"ఒక్క నిమిషం సార్," అన్నాడు బావమరిది. "అమ్మాయ్, ఆ 'సగం' డబ్బా కిందినుంచి పట్రా. దాన్ని పెట్టి, వెయ్యితో గుణించమను."

కూతురు పరుగున తెచ్చింది. అధ్యక్షుడే డబ్బా మార్చి బిగించాడు. గీత చూశాడు. గుణించాడు. ఒక మిల్లీవాట్. వెంట్రుకవాసి తేడా లేదు.

"మాస్టారూ, యంత్రం వజ్రం!" అధ్యక్షుడు ఎగిరినంత పనిచేశాడు. "మా క్లబ్బులో ఇంత ఖచ్చితమైనది లేదు. చీటీలొక్కటే తారుమారయ్యాయి. 'వెయ్యోవంతు' అని ఉన్నది సగం, 'సగం' అని ఉన్నది వెయ్యోవంతు. ఎవరతికించారండీ వీటిని?"

ఆ గుండ్రటి అక్షరాలు ఎవరివో ఆ ఇంట్లో తెలియనివాళ్ళు లేరు.

"ఆ రోజు నేను పెట్టింది ఈ 'వెయ్యోవంతు' చీటీ ఉన్నదే," అన్నాడు బావమరిది, ఎవరి మొహమూ చూడకుండా. "వెయ్యోవంతే కదా లోపలికి పోయేదని రెండు వాట్లూ వదిలాను. సగం లోపలికి పోయింది."

మాస్టారికి భార్య మాట ఒకటి గుర్తొచ్చింది. తల విదిలించుకున్నాడు. ఆ మాట పోలేదు.

అధ్యక్షుడు దరఖాస్తు మోకాలిమీద పెట్టుకుని సంతకం చేయబోయి ఆగాడు. "కారణం గడిలో 'బావమరిది' అని ఉందేమిటి?"

మాస్టారు కలం లాక్కుని ఆ మాట కనబడకుండా కొట్టేశాడు. దాని పక్కన మిగిలిన కాస్త చోటులో 'చీటీ' అని చిన్నగా రాశాడు.

"ఎవరు రాసిన చీటీ నాన్నా?" అంది కూతురు.

మాస్టారు బావమరిది వైపు తిరిగాడు. పదకొండేళ్ళ తరవాత, మధ్యవర్తి లేకుండా, సూటిగా అతనితోనే అన్నాడు.

"ఒరేయ్, ఆ సంగతి ఇక నువ్వూ ఎత్తకు, నేనూ ఎత్తను."