ఇద్దరూ గెలిచిన పందెం

పందెంలో ఒకరే గెలవాలని నియమం పెట్టినవాడెవడో గానీ, పత్రిక నడిపినవాడు మాత్రం కాదు. ఇద్దరూ గెలవడంలో ఉన్న ప్రశాంతత వాడికేం తెలుసు?

ఒక మోటారు పత్రికలో బళ్లు నడిపి చూసి రాసే ఉద్యోగికి ఈ సత్యం ఆలస్యంగా బోధపడింది. ఆఫీసులో అతన్ని తూకం అని పిలిచేవారు. మంచి బండిని మంచిదని, చెత్త బండిని చెత్తని రాసేవాడు. ఇలాంటివాళ్లు బాగుపడతారా, మీరే చెప్పండి!

ఆ నెల బైకు గొప్పా, కారు గొప్పా తేల్చడానికి రేస్ ట్రాకు అద్దెకు తీసుకున్నారు. స్టాప్‌వాచ్ పట్టుకోవడానికి రిటైరైన డ్రిల్ టీచరమ్మను పిలిపించారు. తూకం రెండూ నడిపాడు. మలుపుల్లో కారు నేలకు అతుక్కుపోయి పరువు నిలుపుకుంది గానీ, తిన్నని దారిలో బైకు దానికి అందితేనా! బైకు ఒక చుట్టు తిరిగి రావడానికి నూట పది సెకన్లు. కారుకు నూట పద్నాలుగు.

ఎడిటరు గారి ముఖం మాడిపోయింది. వెనక అట్ట మీద కారు కంపెనీ ప్రకటన, లోపలి అట్ట మీద బైకు కంపెనీది.

“సమానం రావాలయ్యా,” అన్నారాయన.

“నాలుగు సెకన్ల తేడా ఉంది సార్.”

“ఉంటే తీసెయ్యి.”

“నా వాచీ జోలికి మాత్రం రాకండి,” అంది టీచరమ్మ. “ముప్పై ఏళ్లు పిల్లల్ని పరిగెత్తించాను. ముందొచ్చినవాడు ముందొచ్చినట్టే.”

వాచీ లొంగదు కాబట్టి బళ్లనే లొంగదీయాలి. కారులోంచి స్టెప్నీ తీశారు, వెనక సీటు పీకారు, ఆఖరికి తూకం బూట్లు కూడా విప్పించారు. కారు నూట పద్నాలుగు నుంచి చలించలేదు. ఇక బైకుకు ఇసుక బస్తాలు కట్టారు. నూట పదమూడు. ఇంకా ఒక్క సెకను మిగిలింది.

ఎడిటరు గారు తన పొట్ట వైపు ఒకసారి చూసుకున్నారు. “నా బరువు సరిగ్గా ఒక సెకను ఉంటుంది,” అని బస్తాల వెనక ఎక్కి కూర్చున్నారు.

“మలుపులో నేనెటు వంగితే మీరూ అటే వంగాలి సార్,” అన్నాడు తూకం. అన్నాడే గానీ, టీచరమ్మ ముఖంలోకి చూడలేక సిగ్గుతో తలదించుకున్నాడు.

బండి కదిలింది. ఎడిటరు గారు జీవితంలో ఎప్పుడూ ఒక పక్కకే వంగిన మనిషి కాదు. మొదటి మలుపులో అటూ వంగారు, ఇటూ వంగారు. నడుం పట్టేసింది. అయినా బస్తాలు వదల్లేదు.

“నూట పద్నాలుగు,” అంది టీచరమ్మ. సమానం. ఇద్దరూ గెలిచారు.

కానీ ఎడిటరు గారు బండి మీంచి దిగలేకపోయారు. ప్రశ్నార్థకంలా వంగిపోయిన మనిషిని అలాగే ఎత్తి, ట్రాకు దగ్గర ఉంచిన ఆసుపత్రి అంబులెన్సులో పడుకోబెట్టారు. బయటికి పోయే గేటు ట్రాకు చుట్టూ తిరిగితే గానీ రాదు. టీచరమ్మ అలవాటు కొద్దీ స్టాప్‌వాచ్ నొక్కింది.

నూట నాలుగు సెకన్లు.

తూకం మనసు మనసులో లేదు. ఇద్దరూ విజేతలేనని చెప్పినట్టే రాసి, కింద ఆ రెంటినీ అంబులెన్సు ఓడించిన సంగతి ఒక్క వాక్యం చేర్చాడు. అదొక్కటే అందులో నిజం. కాగితం తీసుకుని ఆసుపత్రికి వెళ్లాడు.

ఎడిటరు గారు బోర్లా పడుకునే చదివారు. ఆ వాక్యం కింద గీత గీశారు.

“నిజమే రాశావు, కాదనను,” అన్నారు. “ముందు ఈ ఆసుపత్రివాళ్లు ప్రకటన ఇస్తారేమో కనుక్కో.”