శాశ్వతంగారి అరుదైన కప్ప

ఆ ఉదయం శాశ్వతంగారి పథకం చాలా చిన్నది. కప్పల్ని ఆఫీసుకు తీసుకెళ్ళాలి, కలకాలం చెడకుండా భద్రపరచాలి, సాయంత్రానికి మర్యాదగా ఇంటికి రావాలి. ఇల్లు దాటకముందే పథకం తలకిందులైంది. ఆ సంగతి ఆయనకు తెలిసేసరికి కప్ప ప్రపంచం చుట్టి వచ్చింది.

శాశ్వతం ఆయన అసలు పేరు కాదు. విశ్వవిద్యాలయంలో పరిశోధకులు పోగుచేసిన డేటానంతా దాచి, అడిగినవాళ్ళకు అందించే భాండాగారానికి ఆయన అధిపతి. ఏ సమావేశంలో నోరు విప్పినా "డేటా శాశ్వతం" అనే మొదలుపెట్టడంతో అందరూ కలిసి ఆ పేరు ఖాయం చేశారు. ఆయన పెట్టిన నియమాలు గోడ మీద పెద్ద అక్షరాల్లో ఉంటాయి. దాచిన ప్రతిదానికీ మూడు చోట్ల మూడు కాపీలుండాలి. చూడగానే అర్థమయ్యేలా వివరం రాయాలి. ఒకసారి లోపలికి వెళ్ళినది మళ్ళీ బయటికి రాకూడదు.

విశ్వవిద్యాలయమంతా ఆ నియమాలకు తలవంచింది, ఆయన భార్య తప్ప. ఆవిడ అక్కడే జంతుశాస్త్రం ప్రొఫెసరు. మోకాలి లోతు బురదలో నిలబడి, దోమలకు రక్తదానం చేస్తూ, పదేళ్ళకు పైగా కప్పల అరుపులు రికార్డు చేసింది. "మీ భాండాగారంలో పెడితే ఎవడో ఎత్తుకుపోయి వాడి పేరు మీద అచ్చేసుకుంటాడు. నేనివ్వను" అని భీష్మించుకుని కూర్చుంది. చివరికి ఆవిడ వ్యాసం తీసుకున్న పత్రిక మెలిక పెట్టింది. డేటా అందరికీ అందుబాటులో ఉంచితేనే వ్యాసం వేస్తామంది. దానికి ఆ సాయంత్రమే గడువు.

"ఏమండీ, డిస్కు బల్ల మీద పెట్టాను" అంది ఆవిడ చెప్పులేసుకుంటూ. "వాగు పక్క గుంట పూడ్చేసి కార్లు నిలుపుతున్నారు. అక్కడి కప్పలు మళ్ళీ అరవవు. ఉన్నదల్లా ఆ డిస్కులోదే. జాగ్రత్త."

"నా చేతిలో పెట్టాక ఇంకా దిగులెందుకు నీకు?"

"మీ చేతిలో పెట్టాకే మొదలైంది" అని ఆవిడ క్లాసుకు వెళ్ళిపోయింది.

ఇక్కడ ఒక రహస్యం చెప్పాలి. శాశ్వతంగారు ఏడాదిగా పాట నేర్చుకుంటున్నారు. గురువు లేడు, శ్రోత లేడు. రోజూ అందరికన్నా ముందు లేచి, స్నానాల గదిలో కొళాయి విప్పి, ఆ చప్పుడు చాటున గొంతెత్తి, దాన్ని ఫోనులో రికార్డు చేసి, ఒక పాత డిస్కులో దాచుకుంటారు. గాలి హోరు పడి పనికిరాకుండా పోయిందని భార్య పక్కన పడేసిన డిస్కది. దాని మీద ఆవిడ చేతిరాతతో "కప్పలు" అన్న చీటీ అలాగే ఉంది. ఆయన కావాలనే పీకలేదు. కప్పల డిస్కంటే ఇంట్లో ఇంకెవరూ ముట్టుకోరు. పారేసినదాన్ని ఆవిడా ముట్టుకోదు. ఇంతకన్నా భద్రమైన చోటు ఎక్కడుంది?

ఆ ఉదయం కూడా సాధన ముగించి, డిస్కును బల్ల మీద పెట్టి, చొక్కా గుండీలు పెట్టుకుంటుండగా వీధిలో కారు హారన్ మోగింది. విశ్వవిద్యాలయం మొత్తానికి చీటీలు ఎలా రాయాలో నేర్పిన మనిషి, ఒకే చీటీ ఉన్న రెండు డిస్కుల్లో ఒకదాన్ని సంచీలో పడేసుకుని పరిగెత్తారు.

భాండాగారంలో చిన్న సభ. సొంత భార్యనే ఒప్పించగలిగారన్న ఆనందంలో ఆయనే ఏర్పాటు చేశారు. వీసీ గారొచ్చి మీట నొక్కారు. డేటా లోపలికి వెళ్ళింది. ఎప్పటికీ దాన్ని గుర్తుపట్టేందుకు శాశ్వత సంఖ్య పుట్టింది. మూడు దూరపు నగరాలకు కాపీలు ఎగిరిపోయాయి. కప్పల మీద పనిచేసే పరిశోధకులందరికీ, ఎక్కడున్నవాళ్ళకైనా సరే, ప్రొఫెసరుగారి పేరు మీద సమాచారం దానంతటదే వెళ్ళిపోయింది. తెర మీద వివరం వెలిగింది. వీసీ గారు ఆసక్తిగా పైకి చదివారు.

"స్థలం, తడి గోడల మధ్య మూసిన చోటు. వేళ, సూర్యోదయానికి ముందు. నమూనా ఒకటి, మగ, నడివయసు. ప్రవర్తన, బయట అలికిడైతే వెంటనే ఆపేస్తుంది."

శాశ్వతంగారు గబుక్కున తెర వైపు తిరిగారు. ఆ మాటలు ఆయనవే. వృత్తి అలవాటు చొప్పున తన పాటలకూ వివరం రాయకుండా ఉండలేక, సొంత పేరు రాయడానికి సిగ్గుపడి, అలా రాసుకున్నారు. ఆయన చెయ్యెత్తేలోపే స్పీకర్లోంచి గొంతు లేచింది.

"ఆ... ఆఁ... ఆఆఆ..."

వెనక వరుసలో ఎవరో దగ్గారు.

"పాపం, ఎంత బాధపడుతోందండీ!" అన్నారు వీసీ గారు. "ఏం కప్ప ఇది?"

ఆ క్షణంలో నిజం చెబితే గొడవ అక్కడితో ఆగేది. కానీ ఎదురుగా నిండు సభ.

"అరుదైనదండి" అన్నారు శాశ్వతంగారు.

వీసీ గారి పక్కనున్న పీఆర్వో ఆ మాటను అప్పటికే టైపు చేస్తున్నాడు.

సభ ముగిసీ ముగియగానే ఆయన ప్రోగ్రామరు గదిలోకి దూరి తలుపేశారు. భాండాగారం యంత్రాంగాన్నంతా నడిపేది ఆ అమ్మాయే.

"అమ్మా, ఆ డేటా తీసెయ్యాలి. వెంటనే."

"కుదరదు సార్."

"నేను చెబుతున్నానమ్మా!"

"కుదరకూడదని చెప్పింది కూడా మీరే సార్. అధిపతి వచ్చి బతిమాలినా తీయడానికి వీల్లేకుండా కట్టమన్నారు. కాళ్ళావేళ్ళా పడినా అని కూడా అన్నారు. కట్టేశాను."

"మరి దారే లేదా?"

"విన్నపం పెట్టుకోవచ్చు. కారణం రాయాలి. కమిటీ వచ్చే నెల చూస్తుంది."

ఆయన ఆలోచించి, ఎవరికీ ఏమీ అర్థం కాకూడదని "వ్యక్తిగత కారణాలు" అని రాసి పంపారు. అలా వచ్చిన ప్రతి విన్నపాన్నీ కారణంతో సహా అందరికీ కనిపించేలా ప్రకటించాలన్న నియమం పంపాక గుర్తొచ్చింది. అదీ ఆయన పెట్టిందే.

అంతవరకూ ఆ అరుపు వినాలని కప్పల శాస్త్రవేత్తలకే అనిపించింది. వ్యక్తిగత కారణాలున్న కప్ప అనేసరికి ఇంక ఆగేవాడెవడు? లెక్కల శాఖవాళ్ళు విన్నారు. న్యాయశాస్త్రం విద్యార్థులు గుంపుగా చేరి విన్నారు. క్యాంటీన్లో ఒకాయన దాన్ని ఫోనుకు రింగ్‌టోన్ చేసుకున్నాడు. మధ్యాహ్నానికి ప్రోగ్రామరు తలుపులోంచి తొంగిచూసింది.

"సార్, అభినందనలు. భాండాగారం పెట్టినప్పట్నుంచీ ఇన్ని డౌన్‌లోడ్లు దేనికీ లేవు. ఇంకో సంగతి, కప్పల్లో పేరుమోసిన నిపుణుడొకాయన విదేశం నుంచి రాశాడు. ఇలాంటి అరుపు జన్మలో వినలేదట."

"నమ్ముతాను" అన్నారు శాశ్వతంగారు నీరసంగా.

"ఆ గోడలేంటో, తడి ఎక్కడిదో అడుగుతున్నాడు. విమానం టికెట్ చూసుకుంటున్నాట్ట. అది ఉండే చోటికి వచ్చి, పొద్దున్నే కదలకుండా కూర్చుంటాట్ట సార్."

తమ స్నానాల గదిలో బకెట్ పక్కన ఒక విదేశీ నిపుణుడు టార్చిలైటుతో కూర్చున్న దృశ్యం శాశ్వతంగారి కళ్ళముందు కదిలింది. ఒక్కటే దారి. అసలు కప్పల్ని గడువులోగా లోపల పెట్టేస్తే, ఆ సందడిలో ఇది మరుగున పడొచ్చు. ఇంటికి ఫోన్ చేశారు. అత్తగారు ఎత్తారు.

"అత్తయ్యా, బల్ల మీద నల్లటి డిస్కు ఉందా?"

"ఉండకేం బాబూ. టీవీకి పెట్టాను. మనవరాలి ఆటల వీడియో ఉంటుందేమోనని."

"పెట్టి?"

"పెడితే టీవీ ఏదో అడిగింది. అడిగినదానికి కాదనడం ఎందుకని సరే నొక్కాను. మళ్ళీ అడిగింది, నిజంగానేనా అని. మాట మారుస్తానా? మళ్ళీ సరే నొక్కాను."

"తర్వాత?"

"తర్వాత శుభ్రంగా ఉంది బాబూ. లోపల ఒక్కటంటే ఒక్కటి లేదు."

శాశ్వతంగారు కుర్చీలో కూలబడ్డారు. పూడ్చేసిన గుంట, దాని మీద ఎండలో నిలబడ్డ కార్లు, మళ్ళీ అరవని కప్పలు. పాట గురించిన భయం చప్పున చల్లారిపోయింది. ఇప్పుడున్న భయం ముందు అదెంత? పోయినవి భార్య పదేళ్ళు.

సరిగ్గా అప్పుడే ఆవిడ లోపలికొచ్చింది, చేతిలో ఫోను ఆగకుండా టింగుమంటుండగా.

"ఏమండీ, నన్నందరూ అభినందిస్తున్నారెందుకు? నేను కనిపెట్టిన కప్పేదో చెబితే నేనూ సంతోషిస్తాను."

ఆయన లేచి నిలబడి, పాట, చీటీ, టీవీ, అన్నీ వరసపెట్టి చెప్పేశారు.

"అయిపోయిందా?" అంది చివర్లో. "ఇక్కడ మా డిపార్ట్‌మెంటులో నా బీరువాలో ఒక కాపీ ఉంది. మా చెల్లెలి ఇంట్లో ఇంకోటి."

"ఆఁ?"

"మూడు చోట్ల మూడు కాపీలు. రోజూ అన్నం తింటూ మీరు చెప్పేదేగా! అయినా అమ్మ ఇంట్లో ఉండగా ఒక్క కాపీ మీద ఎవరైనా బతుకుతారా?"

ఆయనకు ఏడుపు, నవ్వు ఒకేసారి వచ్చాయి. "మరి ఉన్నదల్లా ఆ డిస్కులోదే అన్నావు?"

"అలా అంటేనే మీరు జాగ్రత్తగా తీసుకెళ్తారని. చూశాంగా ఎంత జాగ్రత్తో."

ఆవిడ తెర ముందు కూర్చుని, వచ్చిన ఉత్తరాలు ఒక్కొక్కటే తెరిచింది. ఒకాయన అరుపుల మధ్య ఎడం కొలిచాడు. ఒకామె కొళాయి చప్పుడును వడగట్టి, శుభ్రమైన ప్రతి తయారుచేసి తిరిగి పంపింది. అందరూ మొదటి వరుసలోనే ప్రొఫెసరుగారి పేరు రాశారు. ఒక్కరూ ఎత్తుకుపోలేదు. ఆవిడ ముఖంలో చిరాకు పోయి ఇంకేదో వచ్చింది. చెరువు గట్టున చీకట్లో చెవి రిక్కించేటప్పుడు ఉండే ముఖమది.

"బాత్రూమ్ పాటకే ఇంత శ్రద్ధగా చెవి పెట్టారే" అంది మెల్లగా. "నా కప్పలు వింటే ఏమంటారో!"

వెంటనే లేచి వెళ్ళి బీరువాలోని డిస్కు తెచ్చి, తన చేత్తోనే మీట నొక్కింది. గడువు దాటకుండా కప్పలు లోపలికి వెళ్ళాయి.

"ఇంక మిగిలింది మీరు" అంది తిరిగి. "అది నా పేరు మీద ఉంది. ఆ నిపుణుడు వచ్చి నిజం తెలుసుకుంటే, భర్తకీ కప్పకీ తేడా తెలియని ప్రొఫెసరునవుతాను నేను."

తీయడానికి వీల్లేదు. దిద్దుబాటు చేర్చడానికి మాత్రం నియమం ఒప్పుకుంటుంది. అది కూడా అందరికీ కనిపిస్తుంది, ఎప్పటికీ ఉంటుంది. శాశ్వతంగారు ఒక్కసారి ఊపిరి పీల్చుకుని టైపు చేశారు. "ఈ గొంతు కప్పది కాదు. భాండాగారం అధిపతిది. ప్రొఫెసరుగారికి దీనితో సంబంధం లేదు. స్థలం మా స్నానాల గది." చివర పూర్తి పేరు పెట్టారు.

"అసలు నీకు ఎప్పుడైనా అనుమానం రాలేదా?" అని అడిగారు ఇంటికి వెళ్తూ.

"ఏడాదిగా వింటున్నాను. కొళాయి మీకన్నా మెల్లగా పాడుతుందండీ."

"మరి ఎప్పుడూ అనలేదే?"

"అలికిడైతే ఆపేస్తారుగా. మీరే రాసుకున్నారు."

మర్నాడు విదేశీ నిపుణుడు ప్రయాణం మానుకున్నట్టు రాశాడు. అయితే శ్రమ వృథా కాకూడదని రికార్డింగులన్నీ వరసగా విన్నాడట. జంతువు ఏదైనా గానీ, ఇటీవలి వాటిలో శ్రుతి కాస్త మెరుగుపడిందని శాశ్వత సంఖ్య కింద నమోదు చేశాడు.