మాస్టారు జప్తు చేసిన నవలలు

ఆ ఉదయం మాస్టారి పథకం చాలా చిన్నది. కాఫీ తాగి, దేవుడికి దణ్ణం పెట్టుకుని, సాయంత్రం ఇస్త్రీ చొక్కా తొడుక్కుని గ్రంథాలయంలో సమావేశానికి వెళ్లి, కోడలు ఏడాది కష్టపడి నిలబెట్టిన పుస్తకాల అలమరను మూయించి, భోజనం వేళకు ఇంటికి వచ్చేయడం. కోడలి మీద ఆయనకు కోపమేమీ లేదు. ఆమె కలిపిన కాఫీ తాగుతూనే ఈ సంగతి ఆమెకు చెప్పారు.

కోడలు ఆ గ్రంథాలయంలోనే లైబ్రేరియన్. పదమూడు దాటిన పిల్లల కోసం విడిగా ఒక అలమర పెట్టి, పైన ‘కౌమార సాహిత్యం’ అని రాయించింది. ఊళ్లో అందరూ టీనేజీ నవలలనే అంటారు. వాటిలో పిల్లలు ఇంట్లోవాళ్లతో పోట్లాడతారు, ప్రేమలో పడతారు, చావును దగ్గర నుంచి చూస్తారు, ఒక్కోసారి చదువు కూడా మానేస్తారు. కొందరు తల్లిదండ్రులు ఫిర్యాదు చేశారు. గ్రంథాలయ సంఘం అధ్యక్షుడు ఎటూ తేల్చుకోలేక, రిటైరైన హెడ్మాస్టరుగారు ఎలా చెబితే అలాగే అన్నాడు. అలమర ఉండాలా, అటకెక్కాలా అన్నది మాస్టారి నోటిమాట మీద ఆధారపడి ఉంది.

ఆయన్ను అడగడంలో న్యాయం లేకపోలేదు. ఆయన ఉద్యోగంలో చేరిన రోజుల్లో ఇలాంటి పుస్తకాలకు పేరే లేదు. పన్నెండేళ్ల దాకా రాజులూ రాక్షసుల కథలు, ఆ మర్నాటి నుంచి పెద్దల పుస్తకాలు. మధ్యలో వచ్చే ఈడు జ్వరం లాంటిదనీ, దానంతటదే తగ్గుతుందనీ అందరి నమ్మకం. తర్వాత అద్దె పుస్తకాల షాపుల్లో పల్చటి నవలలు దిగాయి. పిల్లలు వాటిని లెక్కల పుస్తకంలో దాచుకుని చదివారు, పెద్దలు చెడగొట్టే పుస్తకాలన్నారు. ఇంకొన్నాళ్లకు వాటికి బహుమతులొచ్చాయి. ఆపైన వాటి మీద పరిశోధన చేసి డాక్టరేట్లు తెచ్చుకున్నారు. ఈమధ్య ఒక ముక్క పాఠ్యపుస్తకంలో కూడా పెట్టారు, దాంతో పిల్లలు ఆ ఒక్కటీ చదవడం మానేశారని కోడలు నవ్వుతుంది.

కాలం మారినా మాస్టారు మారలేదు. ఆయన క్లాసులో నవల కనబడితే జప్తే. తిరిగి ఇవ్వడం క్రమశిక్షణకు విరుద్ధం. కాల్చడం పాపం, అక్షరం దేవుడిదని ఆయన నమ్మకం. అందుకని అన్నీ ఇంటికి తెచ్చి బీరువాలో పెట్టి తాళం వేసేవారు. వాటిలో ఒక్క పేజీ తిప్పలేదని ఆయన, మా మాస్టారు ఒక్క పేజీ తిప్పలేదని ఊరు, సమానంగా గర్వపడుతూ వచ్చారు.

“మామయ్యగారూ, మీ నాన్నగారు పోయేనాటికి మీకెన్నేళ్లు?” అని అడిగింది కోడలు.

“పద్నాలుగు.”

“అప్పుడు మీరేం చదివారు?”

“లెక్కలు.”

“సరే. పంచదార సరిపోయిందా?” అని ఆమె గ్లాసు తీసుకుని పనికి వెళ్లిపోయింది.

మాస్టారికి ఆ ప్రశ్న ఎందుకో రుచించలేదు. వాదనకు సాక్ష్యం కూడా ఉండాలనుకుని, బీరువాలో పుస్తకాలు గ్రంథాలయానికి పంపించమని భార్యకు చెప్పి స్నానానికి వెళ్లారు. ఆయన ఉద్దేశం పైన కనిపించే రెండు మూడు. ఎన్ని అన్నది ఆయన చెప్పలేదు, ఆవిడ అడగలేదు. ఆ బీరువా ఖాళీ అయ్యే శుభఘడియ కోసం కాపురానికి వచ్చిన కొత్తల్లోంచీ ఎదురుచూస్తున్న మనిషి ఆవిడ. ఆయన ఒళ్లు తుడుచుకునేలోపు మొత్తం పుస్తకాలు గోనెసంచుల్లో, సంచులు ఆటోలో ఎక్కాయి.

గ్రంథాలయంలో కోడలు హాల్లో కుర్చీలు వేయిస్తోంది. కౌంటరు గుమాస్తా సంచులు దింపించుకున్నాడు. ఎవరైనా సంచులకొద్దీ పుస్తకాలిస్తే దాత పేరు రాసి అలమరకు తగిలించడం అక్కడి పద్ధతి. అవి ఏ రకం పుస్తకాలో చూసి, మాస్టారి పేరు పెద్ద అక్షరాలతో అట్ట మీద రాసి, సరిగ్గా కోడలి అలమరకే తగిలించాడు. ఈ గుమాస్తా కూడా మాస్టారి శిష్యుడే. రెండో సంచిలో తొమ్మిదో తరగతిలో పోగొట్టుకున్న తన నవలే కనబడేసరికి, పాత విద్యార్థుల వాట్సాప్ గ్రూపులో ఒక మాట పెట్టాడు: మాస్టారు మన పుస్తకాలన్నీ తిరిగి ఇచ్చేస్తున్నారు.

ఆ మాట చేతులు మారేకొద్దీ లావెక్కింది. అంత పట్టుదల మనిషి ఉన్నట్టుండి అన్నీ ఇచ్చేయడమేమిటని ఒకరు అనుమానించారు. ఒంట్లో బాగాలేదేమోనని ఇంకొకరు ఊహించారు. మధ్యాహ్నానికల్లా డాక్టర్లు పెదవి విరిచేశారట అని తేలిపోయింది. సాయంత్రానికి గ్రంథాలయం ముందు ఇసుక వేస్తే రాలనంత జనం. కొందరు పళ్లు తెచ్చారు. ఆయన శిష్యురాలు డాక్టరమ్మ బీపీ మిషనుతో వచ్చింది. ఇంకో శిష్యుడు ఇన్‌స్పెక్టరు జనాన్ని అదుపు చేయడానికని వచ్చి, తానే కళ్లు తుడుచుకుంటూ నిలబడ్డాడు.

మాస్టారు భార్యతో ఆటో దిగి ఆ జనాన్ని చూశారు. టీనేజీ నవలలంటే ఊరికి ఇంత మంట ఉందా అని ఛాతీ విశాలమైంది. డాక్టరమ్మ పరుగున వచ్చి ఆయన చెయ్యి పట్టుకుని నాడి చూస్తూ, “పరిస్థితి ఎలా ఉంది మాస్టారూ?” అని మెల్లగా అడిగింది.

“ఇంకా చెయ్యి దాటలేదమ్మా. కానీ మొదట్లోనే కోసి పారేయాల్సింది,” అన్నారాయన.

డాక్టరమ్మ ఇన్‌స్పెక్టరు వైపు చూసింది. ఇన్‌స్పెక్టరు టోపీ తీశాడు.

లోపలికి అడుగుపెట్టిన మాస్టారికి మొదట కనబడింది అలమర మీద తన పేరు. తర్వాత దాని నిండా తన బీరువా. భార్య వైపు చూస్తే ఆవిడ ఫ్యాను వైపు చూస్తోంది. ఇంతలో అధ్యక్షుడు మైకు తెచ్చి చేతికిచ్చాడు. ఏదైతే అదైందని మాస్టారు గొంతు సవరించుకున్నారు.

ముందు వరుసలో డాక్టరమ్మ, ఇన్‌స్పెక్టరు ఒక నవల పట్టుకుని గుసగుసగా పోట్లాడుకుంటున్నారు. అది లైట్‌హౌస్‌లో దీపం వెలిగించే తండ్రిని పోగొట్టుకున్న పిల్ల కథ. ఒకే బెంచీలో కూర్చుని ఇద్దరూ కలిసి చదువుతుండగా మాస్టారు లాక్కున్నది.

“చివర్లో ఆ పిల్ల ఓడెక్కి వెళ్లిపోతుంది. అప్పుడే చెప్పానుగా,” అన్నాడు ఇన్‌స్పెక్టరు.

“నువ్వు చదివితేగా. అది చిన్నాన్న ఇంటికే పోయుంటుంది.”

“తప్పు,” అంది మైకు.

హాలంతా తలెత్తింది. నలభై ఏళ్లు పాఠం చెప్పిన మనిషి ఏదైనా ఓర్చుకుంటాడు గానీ, ఎదురుగా తప్పు జవాబు వింటూ ఊరుకోలేడు.

“ఇద్దరిదీ తప్పే. ఆ పిల్ల ఓడా ఎక్కలేదు, చిన్నాన్న ఇంటికీ పోలేదు. దీపం చూసుకోవడం నీ వల్ల కాదని అడ్డం పడ్డ ఆ చిన్నాన్నే అన్ని మెట్లూ ఎక్కి వచ్చి, అగ్గిపెట్టె దాని చేతిలో పెట్టాడు. చదివేవాడికి అక్కడ ఏడుపొస్తుంది. రావాలి.”

డాక్టరమ్మ పుస్తకం తిరగేసింది. “మాస్టారూ, ఇందులో ఆఖరి పేజీలు లేవు. మా చేతికొచ్చేసరికే చిరిగిపోయాయి.”

ఇంతమంది శిష్యుల ముందు అబద్ధమాడటం ఆయనకు చేతకాలేదు. కళ్లద్దాలు తీసి తుడిచారు.

“పక్క ఊళ్లో చిరగని ప్రతి అద్దెకు తెచ్చుకున్నాను,” అన్నారు చివరికి. “మొహానికి గొడుగు అడ్డం పెట్టుకుని వెళ్లాను.”

“కంట్లో నలుసు పడిందన్నారు, ఆ రోజేనా?” అంది వెనక వరుసలోంచి భార్య.

హాలు పగిలిపోయేలా నవ్వింది. జబ్బు మాట ఉత్తదేనని తేలి, డాక్టరమ్మ బీపీ మిషను సంచిలో పెట్టేసింది. నవ్వు సద్దుమణిగాక అధ్యక్షుడు బిక్కుబిక్కుమంటూ, ఇంతకీ అలమర సంగతేమిటన్నాడు. కోడలు ఒక కుర్చీ వెనక నిలబడి దాని వీపును గట్టిగా పట్టుకుంది.

“అన్నీ చదివాను,” అన్నారు మాస్టారు. “కొన్ని చెత్త. పెద్దల పుస్తకాల్లో మాత్రం చెత్త లేదా? నాకు పద్నాలుగో ఏట దుఃఖం వచ్చింది. వయసు అడిగి రాలేదు. దానికి తగిన పుస్తకం మాత్రం నా చేతిలో ఎవరూ పెట్టలేదు. ఈ ఊరి పిల్లల చేతుల్లో పెట్టడానికి ఒక మనిషి ఉంది. అలమర ఉంటుంది. దాన్ని నిలబెట్టింది మా కోడలు.” ఒక్క క్షణం ఆగి, వెనక వరుసకు వినబడలేదేమోనని, మళ్లీ చెప్పారు. “మా కోడలు.”

పాత విద్యార్థులంతా లేచి నిలబడ్డారు. తమ నవలలు పట్టుకుపోదామని వచ్చినవాళ్లు వాటిని తెచ్చి ఒక్కొక్కటే అలమరలో సర్దారు. నేనిచ్చానని ఒకరు, కాదు నా దగ్గర లాక్కున్నారని ఒకరు, జప్తు కావడమే పెద్ద బిరుదైనట్టు చెప్పుకున్నారు. కోడలు మాత్రం ఆ కుర్చీలోనే కూర్చుండిపోయింది. మామగారు అటు వెళ్లి ఆమె పక్కన నిలబడ్డారు.

మర్నాటి నుంచి మాస్టారు రోజూ గ్రంథాలయానికి వెళ్తున్నారు. పిల్లలేం చదువుతున్నారో పెద్దవాళ్లు ఒక కంట కనిపెట్టి ఉండాలట. వెళ్లేది మాత్రం పిల్లలు బళ్లో ఉండే వేళకు.