‘హైడ్‌బౌండ్’కు అర్థం ఖరారైన విధం

‘హైడ్‌బౌండ్’ అనే ఇంగ్లీషు విశేషణానికి మా నిఘంటు కార్యాలయం అర్థం ఖరారు చేసిందని పాఠకులకు తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. మేత లేక చర్మం ఎముకలకు అతుక్కుపోయిన పశువును పూర్వం అలా అనేవారు. తరవాత, పాత పద్ధతిని చచ్చినా వదలని మనిషికీ ఆ మాటే వాడసాగారు.

చిక్కు మొదటి అర్థంతో వచ్చింది. కళ్ళారా చూడనిదే ఏ మాటకూ అర్థం అచ్చువేయరాదని మా నియమం. నిచ్చెన అనే మాటకు నిచ్చెన తెప్పించాం. తుమ్ముకు గుమస్తా చేత నశ్యం పీల్పించాం. ఇప్పుడు మాకు రోజూ పాలు పోసే ఆవిడను బతిమాలి, ఆమెకున్న ఒక్కగానొక్క ఆవును ఒక పూటకని తెచ్చి గచ్చు పెరట్లో కట్టేశాం.

ఆవు నిగనిగలాడుతోంది. అర్థం రుజువు కాలేదని కమిటీ రాసింది. రుజువయ్యేదాకా నమూనాను విడవకూడదు. దానికి నీళ్ళు తప్ప బయటి పదార్థమేదీ తగలకూడదు. మా ప్రధాన సంపాదకులు నియమాల దగ్గర కన్నతండ్రినైనా లెక్కచెయ్యని నిష్ఠాపరులు. గడ్డిమోపుతో వచ్చిన పాలావిడను గేటు దగ్గరే ఆపించారు.

“గడ్డి పడితే నమూనా మారిపోతుందమ్మా. రేపెవరైనా అర్థం తప్పంటే జవాబు చెప్పేది నేనా, నువ్వా?”

“అర్థాలతో నాకేం పనయ్యా. దాని పాలమీదే మా ఇల్లు గడుస్తోంది. డొక్కలెండిపోతుంటే ఎలా చూస్తున్నారు మీరంతా?”

“నోటిమాట చెల్లదు. రాసివ్వు.”

ఆమె చేత దరఖాస్తు రాయించింది నేనే. గుండె తరుక్కుపోయింది. పక్కన మార్జిన్ వదల్లేదని దాన్ని తిప్పి పంపిందీ నేనే.

పందొమ్మిదో రోజుకు చర్మం ఎముకలకు అతుక్కుంది. కమిటీ లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. సంపాదకులు గొంతు సవరించుకున్నారు.

“ఇన్నాళ్ళకు ఒక మాట తన అర్థాన్ని చేరుకుంది. రెండో అర్థానికి మాత్రం ఈ కార్యాలయమంతా గాలించినా నమూనా దొరకలేదు. కనుక కొట్టేస్తున్నాను.”

ఆవును అప్పగించబోతే ఇంకో నియమం అడ్డొచ్చింది. తెచ్చిన వస్తువును తెచ్చినట్టే తిరిగివ్వాలి. ఇది తెచ్చినట్టు లేదు. మూడోనాడు ఆ చిక్కును ఆవే తీర్చి కన్నుమూసింది. పాలావిడ సంతకం పెట్టి పలుపుతాడు తీసుకెళ్ళింది.

నిఘంటువు వెలువడింది. ఆ మాట పక్కన ఆవు ఫొటో వేశాం. మీ దగ్గర్నుంచి నూట పదకొండు ఉత్తరాలు అందాయి. ఆవు ఏమైందని ఒక్కరూ అడగలేదు. ఎముకలు ఇంకాస్త స్పష్టంగా కనిపించేలా ఫొటో పెద్దది వేయాల్సిందని మాత్రం అందరూ రాశారు.