లీకుల ఆఫీసరుగారి సెల్లార్

ఆ రోజు లీకుల ఆఫీసరు సెలవు పెట్టాడు. ఆయన అసలు హోదా నీటి సరఫరా ఆఫీసులో ఫిర్యాదుల విభాగం అధికారి. అంత పొడుగు పేరు పలికే ఓపిక లేక వీధివాళ్ళు ఇలా కుదించుకున్నారు. ఉదయం ఆయన వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. టీ తాగాలి, పేపరు చదవాలి, ఒక కునుకు తీయాలి. సాయంత్రం నాలుగింటికి ఇంటి కింద సెల్లార్ గదిలో భార్య మొదలుపెట్టబోయే కుట్టు క్లాసుకి బోర్డు తగిలించాలి. టీ సగం కూడా తాగకముందే భార్య తడి కాళ్ళతో మెట్లెక్కి వచ్చింది.

"ఏమండీ, సెల్లార్‌లో ఆ మూల మళ్ళీ తడిసింది. నిన్నటికంటే ఎక్కువగా ఉంది."

"ఆరిపోతుందిలే."

"నిన్నా అదే అన్నారు, మొన్నా అదే అన్నారు. తడి నేల మీద కరెంటు మిషన్లు పెట్టి పరాయి పిల్లల్ని కూర్చోబెట్టమంటారా? ఆ నీళ్ళ సంగతి సాయంత్రంలోగా తేలకపోతే అందరికీ ఫోన్ చేసి రావద్దని చెప్పేస్తాను. ఇంక క్లాసు ఊసే ఎత్తను."

అవి ఉత్త బెదిరింపులు కావని ఆయనకి తెలుసు. ఆ క్లాసు ఇప్పటికే రెండుసార్లు వాయిదా పడింది. మొదటిసారి ఆయన స్వయంగా వేసిన రంగు ఆరలేదు. రెండోసారి ఆయన స్వయంగా పూసిన సిమెంటు నిలవలేదు. రెండుసార్లూ ఆమే అందరికీ ఫోన్ చేసి క్షమించమని అడిగింది. మూడోసారి ఆ ఫోన్లు చేయాల్సి వస్తే మిషన్లు అమ్మేసి ఊరుకుంటుంది. అదే ఆయన భయం. పైకి మాత్రం పేపరు తిప్పాడు.

"ప్లంబర్ని పిలుస్తాను," అంది భార్య.

"ఊళ్ళో లీకులన్నీ నా టేబుల్ మీదికి వస్తాయి. నా ఇంటికే ప్లంబరొచ్చాడంటే రేపు ఆఫీసులో తలెత్తుకోగలనా?"

"ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత అని ఊరికే అనలేదు. అన్నట్టు, ఆ నీళ్ళు నిమ్మ సబ్బు వాసనేస్తున్నాయి, చూసుకోండి," అని ఆమె దారాలు కొనడానికి బయల్దేరింది. గేటు దాటగానే ప్లంబర్‌కి ఫోన్ చేసింది.

ఆఫీసులో ఆయనది ఒకటే సూత్రం. ఎవరైనా గోడ తడుస్తోందని వస్తే, "నీళ్ళు ఎక్కణ్ణుంచి వస్తున్నాయో కనుక్కుని రండి," అనేవాడు. అది తెలిస్తే మీ దగ్గరికెందుకొస్తామని గొణుక్కుంటూ వాళ్ళు వెళ్ళిపోయేవారు. ఇప్పుడు ఆ సూత్రం ఆయన ఇంటికే వచ్చి కూర్చుంది. సబ్బు వాసనంటే వంటిల్లో, బాత్రూమో అయి ఉండాలి. భార్య బట్టలకి వాడే రంగు పొట్లాలు అలమరలో ఉన్నాయి. బాత్రూము తూములో ఎరుపు, వంటింటి సింకులో నీలం పోస్తే సరి. కింద ఏ రంగు తేలితే దొంగ వాడే.

చిటికెడు చాలని పొట్లం మీద రాసి ఉంది. చిటికెడుతో తృప్తిపడే మనిషే అయితే సెల్లార్‌కి మూడు పూతలు పూసేవాడు కాదు. పొట్లాలు రెండూ పూర్తిగా ఒంపేసి బకెట్లకొద్దీ నీళ్ళు కొట్టాడు. ఎరుపు సగం తూములోకి పోయింది, మిగతా సగం నేలకీ, తువ్వాలుకీ, ఆయన చేతులకీ అంటింది. జారిపడబోయి గోడ పట్టుకుంటే అక్కడ ఐదు వేళ్ళూ అచ్చుపడ్డాయి. అదేమీ పట్టించుకోకుండా సెల్లార్‌లోకి పరుగెత్తి, బోర్లా పడుకుని నేలకి చెవి ఆనించాడు.

ఆయన అత్తగారు కూతురి దగ్గరే ఉంటున్నారు. మోకాళ్ళ నొప్పికి డాక్టరు మెట్లు వద్దన్నాడు, కూతురు ఆ మాటని శాసనం చేసింది. ఆవిడ మొహం కడుక్కుందామని బాత్రూము తలుపు తీసి, చూసి, ఒక అడుగు వెనక్కి వేశారు. "బాబూ! బాబూ!" అని పిలిచారు. కింద ఆయన ఆ కేకలు విని, నీళ్ళ చప్పుడు విననివ్వడం లేదని విసుక్కున్నాడు. ఆవిడ కొడుక్కి ఫోన్ చేశారు.

"ఒరేయ్, మీ బావ బాత్రూములో పడిపోయాడురా! అంతా రక్తం!"

"బావెలా ఉన్నాడమ్మా?"

"మనిషి లేడురా! రక్తం ఒక్కటే ఉంది!"

బావమరిది పక్క వీధిలో పుస్తకాల కొట్టు నడుపుతాడు. తలుపు పట్టని మనిషి. దేనికీ బెదరడు, ఒక్క రక్తానికి తప్ప. సూది చూస్తేనే కుర్చీ వెతుక్కుంటాడు. అంబులెన్సుకి ఫోన్ చేసి, కొట్టు అలాగే వదిలేసి పరుగు తీశాడు.

ఈలోగా ప్లంబరు పెరటి వైపు నుంచి సెల్లార్‌లోకి దిగాడు. ఎర్రటి చేతులతో బోర్లా పడి ఉన్న మనిషిని చూసి కెవ్వుమన్నాడు.

"ష్! వింటున్నాను," అన్నాడు ఆఫీసరు.

"ఏం వింటున్నారు సార్?"

"నీళ్ళని."

ప్రాణం ఉన్నందుకు ప్లంబరు సంతోషించాడు, మిగతాదాని గురించి అనుమానపడ్డాడు. మూల తడిమి చూసి, ఏ ఇంట్లోనైనా చెప్పే మాటే చెప్పాడు. "గోడ పగలగొట్టాలి సార్."

"ఎక్కడ?"

"మొదలుపెడితే తెలుస్తుంది సార్."

మూలన నీళ్ళు ఇంకా తేటగానే ఉన్నాయి. ఎరుపూ రాలేదు, నీలమూ రాలేదు. ఆఫీసరు గడియారం చూశాడు. అది ఆగేలా లేదు. "సరే, కొట్టు," అన్నాడు నీరసంగా.

పైన బావమరిది బాత్రూములోకి ఒక్క అడుగు వేసి, "బావా!" అని ఆ ఎర్రనీళ్ళలోనే వెల్లకిలా పడ్డాడు. వెనకే అంబులెన్సు వాళ్ళు వచ్చారు. నిలువెల్లా ఎర్రగా ఉన్న మనిషి కనబడ్డాక వాళ్ళకింక సందేహమేముంది? నలుగురూ కలిసి స్ట్రెచర్ మీదికి ఎత్తారు. నర్సు తల నుంచి కాళ్ళ దాకా వెతికింది.

"ఇంత రక్తం పోయింది, గాయం ఒక్కటీ లేదేంటి?"

సరిగ్గా అప్పుడే భార్య వచ్చింది. వాకిట్లో జనం, స్ట్రెచర్ మీద తమ్ముడు. దారాల సంచి చేతిలోంచి జారిపోయింది.

"ఏమైందిరా నీకు?"

తమ్ముడు ఒక కన్ను తెరిచాడు. "నాకేం కాలేదక్కా. అయింది బావకే."

ఆమె అక్కడే కూలబడింది. "క్లాసూ వద్దు, ఏమీ వద్దు. ఆయనెక్కడున్నారో చెప్పండి చాలు," అంది ఏడుస్తూ. అంతలో కింద డ్రిల్లింగ్ మిషను గిర్రుమంది.

"కిందున్నాడు!" అన్నారు అత్తగారు. అని ఊరుకోలేదు, అందరికంటే ముందు తానే మెట్లు దిగారు. ఆ మోకాళ్ళకి అంత వేగం ఎక్కణ్ణుంచి వచ్చిందో ఎవరికీ అర్థం కాలేదు. అల్లుడు నిక్షేపంగా నిలబడి ఉన్నాడు. మిషను గోడకి ఆనబోతోంది.

"కొట్టకండి బాబూ! మళ్ళీ ఆ సిమెంటు దుమ్మేనా? ఎన్నిసార్లని కడిగేది?"

మిషను ఆగిపోయింది. అందరూ ఆవిడ వైపు తిరిగారు.

"కడగడమేంటమ్మా?" అంది కూతురు.

అత్తగారు తల వంచుకుని మెట్ల వెనక్కి చెయ్యి పెట్టి ఒక బకెట్టూ, గుడ్డా, నిమ్మ సబ్బు సీసా బయటికి తీశారు. "నువ్వు మెట్లు దిగొద్దన్నావని, మీరు లేవకముందే దిగేదాన్ని. అల్లుడుగారు పూసిన సిమెంటు ఆ మూల రాలిపోతోందే. నీ క్లాసుకొచ్చేవాళ్ళ బట్టలకి అంటుకోదూ?"

"తడి, తడి అని నేను మొత్తుకుంటుంటే చెప్పొద్దా?"

"లీకని మీరే అన్నారు కదా. లీకు నీళ్ళకి ఇంకా మురికి పడుతుందని రోజూ ఒక బకెట్ ఎక్కువ పోశాను."

ఆఫీసరు ఆ తడిలోనే చతికిలబడి నవ్వడం మొదలుపెట్టాడు. లీకు లేదు. గోడ పగలదు. ఫోన్లు చేయక్కర్లేదు. ఇంత హాయి ఆయనకి ఏ సెలవు రోజునా దొరకలేదు. భార్య ముందు తల్లిని కోప్పడింది, తరవాత కావలించుకుంది. ప్లంబరు ఒక్కడే కాస్త నిరాశగా మిషను సర్దుకున్నాడు. నర్సు అత్తగారి మోకాళ్ళు నొక్కి చూసి, ఈ వయసుకి బాగానే ఉన్నాయని చెప్పి, క్లాసు ఏయే రోజుల్లో ఉంటుందని అడిగింది.

ఫ్యాన్లు తిప్పితే మూల మధ్యాహ్నానికే ఆరిపోయింది. నాలుగింటికి మిషన్లు టకటకలాడాయి. కడుక్కుని గులాబీ రంగుకి దిగిన బావమరిది కుర్చీలు మోశాడు. బోర్డు కొంచెం వంకరగా ఉంది, దాని మీద ఎర్రటి వేలిముద్రలు పడ్డాయి. భార్య అటు చూసి, నవ్వి, అలాగే ఉండనిచ్చింది. ఆఫీసరు మెట్ల మీద కూర్చుని ఆమె పాఠం చివరిదాకా విన్నాడు.

మర్నాడు ఆఫీసులో మొట్టమొదట వచ్చినవాడు దిగువ వీధి పెద్దమనిషి.

"సార్, నిన్న మా కాలువలో నీళ్ళు కాసేపు ఎర్రగా, కాసేపు నీలంగా పారాయి."

ఆఫీసరు చేతులు రెండూ టేబుల్ కిందికి దించుకున్నాడు. సర్వీసులో మొదటిసారిగా, ఎక్కణ్ణుంచి వచ్చాయో కనుక్కుని రమ్మనకుండా ఫిర్యాదు తీసుకున్నాడు.