ఆసుపత్రికి బోణీ

కృపామణికి అన్నింటికంటే పెద్ద భయం ఒక్కటే: జ్వరం తలకెక్కి కూతురు నిస్సీకి మళ్లీ ఫిట్స్ వస్తాయని. పోయిన వేసవిలో ఒకసారి వచ్చాయి. కళ్లు తేలేసిన ఆ పసిముఖం ఆమె ఇంకా మరిచిపోలేదు.

అయినా ఆ రోజు పొద్దున నిస్సీ ఒళ్లు కాలుతున్నా ఆమె కాస్త ధైర్యంగానే ఉంది. రాళ్లమిట్టలో కొత్త ఆసుపత్రి ప్రారంభోత్సవం ఆ పూటే. "ఇకపై వైద్యం కోసం మీరు నడవనక్కర్లేదు, వైద్యమే మీ దగ్గరకు నడిచి వస్తుంది" అని ఎమ్మెల్యే గారు ఫ్లెక్సీలో చేతులు జోడించి మరీ ప్రకటించారు.

"మేయ్, పుత్తూరు ఆసుపత్రికే తీసకపోదాం" అంది అత్త మునిరత్నమ్మ.

"ఆటోలు యాడుండాయత్తా? అన్నీ మీటింగుకి జనాన్ని తోలకరాను పోయినాయి. ఈడికే డాక్టరమ్మ వస్తా ఉంటే పుత్తూరెందుకు?"

నిజంగానే డాక్టర్ పల్లవి వచ్చారు. మంచాలు వచ్చాయి. సెలైన్ స్టాండు కూడా వచ్చింది. ఎమ్మెల్యే గారే ఇంకా రాలేదు. రిబ్బను కత్తిరించకముందు లోపల అడుగుపెట్టడం మర్యాద కాదు గనుక డాక్టరమ్మ ఎండలోనే నిలబడ్డారు. పచ్చ గౌనులో ఉన్న పాపను భుజాన వేసుకుని ఆమె వైపు వెళ్లబోయిన కృపామణికి పార్టీ మండల నాయకుడు గంగాధరం అడ్డొచ్చాడు.

"యాడికిమ్మా?"

"బిడ్డకి జొరమన్నా. డాక్టరమ్మకి సూపించల్ల."

"జొరమా!" గంగాధరం వెనక్కి జరిగాడు. "కొత్త ఆసుపత్రికి జబ్బు మనిషితో బోణీ చేపిస్తారామ్మా ఎవురన్నా? అంగడి తెరిస్తే మంచి చెయ్యి సూసి కదా బోణీ!"

ముందుచూపు గల మనిషి. బోణీకి తిరుమలయ్యను ఎప్పుడో సిద్ధం చేశాడు. తిరుమలయ్య పార్టీలో సీనియర్. తలనొప్పి అంటే ఏమిటో ఎరగడు.

ఎమ్మెల్యే గారు వచ్చి రిబ్బను కత్తిరించారు. తిరుమలయ్యను మంచం మీద పడుకోబెట్టారు. పడుకున్న మనిషికి దండ వేస్తే చూడటానికి బాగుండదని ఎవరో అనడంతో శాలువా కప్పారు. అది ముఖం దాకా పోకుండా గంగాధరం స్వయంగా పట్టుకున్నాడు.

"నొప్పి ఎక్కడ?" అని అడిగారు డాక్టరమ్మ.

"యాడా లేదు మేడం."

చప్పట్లు మోగాయి. "చూశారా! తెరిచిన ఐదు నిమిషాల్లో రోగికి నయమైపోయింది" అన్నారు ఎమ్మెల్యే గారు మైకులో.

జనాన్ని తోసుకుని కృపామణి గుమ్మం చేరేసరికి షామియానా వాళ్లు మంచాలు బయటికి మోస్తున్నారు.

"యాడికన్నా ఇవి?"

"ఎగవపల్లెకి. ఆడ ఇంకో ఓపెనింగు. మద్యానం పైన ఇంకో రెండూర్లు."

డాక్టరమ్మను అప్పటికే కాన్వాయ్ కారెక్కించారు. కృపామణి పరుగెత్తి అద్దం మీద కొట్టింది. అద్దం దిగింది. డాక్టరమ్మ నిస్సీ నుదుటి మీద చెయ్యి పెట్టి ఉలిక్కిపడ్డారు. "బాగా కాలుతోందమ్మా! మందుల పెట్టె ముందు బండిలో వెళ్లిపోయింది. అక్కడికి తీసుకురా, చూస్తాను."

ముందు సీట్లోంచి గంగాధరం తల తిప్పాడు. "వచ్చినా ఆడ బోణీ అయినాకే రామ్మా!"

కారు కదిలింది. కృపామణి మంచాల వ్యాను ఎక్కింది.

"మేయ్, యాడికే?" అని అరిచింది మునిరత్నమ్మ.

"వైద్యం పోతా ఉండాదత్తా. దాని ఎనకాల్నే పోతా ఉండాను."

"మంచాలు జాగర్తమ్మా, అద్దెవి" అన్నాడు డ్రైవరు.

చీకటి పడింది. వాళ్లు ఇంకా ఇల్లు చేరలేదు. కృపామణి ఫోను ఇంట్లోనే ఉంది. రేపో ఎల్లుండో మీ ఊళ్లో ఆసుపత్రి ప్రారంభోత్సవం జరిగితే, మంచాలు దించేటప్పుడు కాస్త దగ్గరికెళ్లి చూడండి. వాటి మధ్య ఒక తల్లి ఒళ్లో పచ్చ గౌను పాప కనిపిస్తే, రిబ్బను సంగతి తర్వాత, ముందు ఆ పాప నుదుటి మీద చెయ్యి పెట్టి చూడండి.