మామగారి పడక్కుర్చీ

మామగారు కళ్లడాక్టరు దగ్గరికి బయల్దేరగానే ఆయన పడక్కుర్చీని ఆటోలో వేసుకుని ప్రదర్శనశాలకు చేర్చాలని, తిరిగొచ్చి అడిగితే గుడ్డ మార్పించడానికి ఇచ్చానని చెప్పాలని అల్లుడు పొద్దున్నే నిశ్చయించుకున్నాడు. అల్లుడు చిత్రకారుడు, పైగా ఇల్లరికం. ఇన్నేళ్లలో ఆయన బొమ్మ కొన్నది మేనత్త ఒక్కతే. అదీ గోడమీద చెమ్మ మరక కనబడకుండా ఉంటుందని.

ఇప్పుడు కొందరు కళాకారులు కలిసి, రోజూ వాడే వస్తువులతో ప్రదర్శన పెడుతున్నారు. భార్య ముందే తేల్చి చెప్పింది. "ఈసారీ ఎవరూ కొనకపోతే ఒకటో తారీఖు నుంచి మా బాబాయి కొడుకు కొట్లో కూర్చోండి. అక్కడ అమ్మేవీ రంగులేగా." ఆ కొట్లో గోడలకు వేసే రంగులు డబ్బాల్లో అమ్ముతారు. ఆ మాట తలచుకుంటేనే అల్లుడికి ముద్ద దిగడం లేదు. చిరిగిన గొడుగు పెడదామనుకున్నాడు గానీ, అప్పటికే ముగ్గురు అవే తెచ్చారని తెలిసింది. దాంతో ఆయన కన్ను పడక్కుర్చీ మీద పడింది.

ప్రదర్శన నిర్వాహకురాలు ఎప్పుడూ రోగి మంచం పక్కన నిలబడినట్టు మెల్లగా మాట్లాడే మనిషి. కుర్చీ చుట్టూ ఒకసారి తిరిగి, ఎవరిదని అడిగింది. మా మామగారిదండీ అన్నాడు అల్లుడు.

"ఉన్నారా?"

అల్లుడు జవాబు చెప్పబోయి ఆగాడు. ఇందాక ఒకాయన వాళ్లమ్మ ఇస్త్రీపెట్టె తెచ్చి, అమ్మ నిక్షేపంలా ఉందని చెప్పిన పాపానికి ఆ పెట్టెను బాత్రూం తలుపు పక్కన పెట్టించారు. అల్లుడు ఏమీ అనలేదు. తల మాత్రం దించుకున్నాడు.

మౌనం అర్ధాంగీకారం అంటారు. ఆవిడ సగంతో సరిపెట్టుకోలేదు. కుర్చీని హాలు నడిమధ్య వేయించి, పైన దీపం పెట్టించి, పక్కన 'ఖాళీ' అని అట్ట నిలబెట్టింది. దాని కింద 'వెళ్లిపోయిన మామగారికి అల్లుడి కన్నీరు' అని రాయించింది. అల్లుడు అది చదివి గతుక్కుమన్నాడు గానీ, దించిన తల ఎత్తే దారి కనబడలేదు.

మధ్యాహ్నానికి జనం కుర్చీ ముందు చేతులు కట్టుకుని నిలబడుతున్నారు. కళాఖండాలు సేకరించే ఒక పెద్దావిడ తన తాతగారిని తలుచుకుని ఏడ్చి, కుర్చీ తనకే కావాలంది. అల్లుడు మనసులోనే బావమరిదికి నాలుగు మాటలు వినిపించేశాడు.

ఆ జనంలో పక్కింటావిడ కూడా ఉంది. కుర్చీ చేతిమీది కాఫీ మరకను ఆవిడ ఏళ్ల తరబడి ఎరుగును. అట్ట చదివి, గుండె బాదుకుంటూ ఇంటికి పరుగెత్తింది. కాసేపటికి వీధంతా పూలు పట్టుకుని మామగారింటి తలుపు తట్టింది. తలుపు తీసింది మామగారే. పక్కింటావిడ మెట్టుమీదే కూలబడిపోయింది. వెనకవాళ్లు పూలు ఎవరికివ్వాలో తెలియక ఆయన చేతికే ఇచ్చారు. తను ఎలా పోయాడని ఆయన అడిగితే ఎవరికీ తెలియలేదు. కుర్చీ ఎక్కడుందో మాత్రం అందరూ చెప్పారు.

పూలతో వచ్చిన ముసలాయనకు హాల్లో జనం గౌరవంగా దారి ఇచ్చారు. ఆయన పూలు కింద పెట్టి, చెప్పులు విడిచి, కుర్చీలో వాలి కాళ్లు చాపుకున్నారు. నిర్వాహకురాలు పరుగున వచ్చింది.

"అయ్యా, అందులో కూర్చోకూడదండీ. అది పోయినవారి కుర్చీ."

"తెలుసమ్మా. పోయినవాణ్ణి నేనే. డాక్టరు చుక్కల మందు వేశాడు, కళ్లు మండిపోతున్నాయి. కాసేపు పడుకోనీ."

అల్లుడు తేలు కుట్టిన దొంగలా గోడకు అతుక్కుపోయాడు.  అంతలో మామగారి గురక హాలంతా వినబడింది. ఎవరో చప్పట్లు కొట్టారు, తర్వాత అందరూ కొట్టారు. నిర్వాహకురాలు అంతా తన ఏర్పాటే అన్నట్టు చేతులు జోడించింది. పెద్దావిడ మాత్రం బేరం మానుకుంది. ఖాళీ కుర్చీ ఎవరింట్లో లేదు, మనిషి ఉంటేనే దీనికి అందం అంది.

ఆలోచన తనదేనని అల్లుడు మొత్తుకున్నాడు. నిర్వాహకురాలు జాలిగా చూసింది. "మీరు చూపించింది ఆయన లేకపోవడాన్ని. ఆయన ఉండి చూపించారు. అది అందరివల్లా అయ్యే పని కాదు." అట్ట మారింది. కళాకారుడి పేరు ఉండేచోట మామగారి పేరు ఎక్కింది.

"బతికుండగానే చంపావు కదయ్యా," అని మామగారు ఒక్కసారే అన్నారు. రోజూ వచ్చి పడుకోమని నిర్వాహకురాలు అడిగితే మాత్రం వెంటనే ఒప్పుకున్నారు. అక్కడ ఏసీ ఉంది, కూరలు తెమ్మని లేపేవాళ్లు లేరు. ఒకటో తారీఖున అల్లుడు రంగుల కొట్లో కూర్చున్నాడు. కొట్లో కూర్చోవడం కన్నా, అట్టమీద తన పేరు లేకపోవడమే ఆయన్ని ఎక్కువ బాధపెట్టింది.

ఒకరోజు అల్లుడు మధ్యాహ్నం క్యారేజీ పట్టుకుని వెళ్లేసరికి, ఒక విలేకరి కుర్చీ ముందు కూర్చుని మామగారిని ప్రశ్నలడుగుతోంది.

"ఈ కుర్చీని మొదట ఇక్కడికి తెచ్చింది మీ అల్లుడుగారటగా. ఆయన ఉన్నారా?"

మామగారు ఆమె భుజం మీదుగా, చొక్కానిండా సున్నం మరకలతో నిలబడ్డ అల్లుడివైపు ఒకసారి నిదానంగా చూశారు. తర్వాత ఏమీ అనకుండా తల దించుకున్నారు.

విలేకరి కళ్లు తుడుచుకుంది. అల్లుడు క్యారేజీ కుర్చీ పక్కన పెట్టి, కొట్టుకి ఆలస్యమవుతోందని వెళ్లిపోయాడు.